పత్తి బండ్లు ఆగిన గంట

దగ్గరికి జరగండి, ఇంకా దగ్గరికి. వెనక కూర్చుంటే నా గొంతు అందదు. అందకపోతే మధ్యలో మీరే ఏదో అల్లుకుంటారు, రేపు అదే నిజమని ఊరంతా చాటుతారు. కాళ్లు ముడుచుకుని పక్కవాళ్లకి కాస్త చోటివ్వండి. ఇది మా చిలపలమ్మ కథ. నూలుమిల్లులో కండెల మీది నూలు తీసి, తిరిగే చట్రం మీద చుట్టి, చిలపలుగా ముడేసి బుట్టలో పడేసే పని ఆమెది. అందుకే ఆ పేరు. అసలు పేరొకటి ఉండేదిలే, జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. ఈ కథంతా ఒక్క గంట. పొద్దు వాలుతుండగా మిల్లు గేటు ముందు రోడ్డు మీద ఆమె కూర్చున్న గంట. నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ వరస మారేది. ఒకసారి ఎద్దుతో మొదలుపెట్టేది, ఒకసారి మబ్బుతో, ఒకసారి వాళ్లమ్మ కాలితో. వరస ఎందుకు మారుస్తావే అంటే, ఆ గంటలో నా బుర్రలో వరసంటూ ఉంటే కదే, అనేది. కాబట్టి నన్నూ వరస అడగకండి.

రోడ్డు కాలుతోంది. కూర్చున్న కాసేపు కాలింది, తర్వాత కాలడం కూడా మానేసినట్టుంది, తిమ్మిరి ఎక్కి కాళ్లు తనవి కానట్టయ్యాయి. ఎడమ చెయ్యి పక్కనున్న దాని చేతిలో ఉంది, కుడి చెయ్యి కూతమ్మ చేతిలో ఉంది. కూతమ్మ అంటే మిల్లులో నేల మీద రాలిన దూదిపొట్టు ఊడ్చే ముసలమ్మ. మిల్లు కూతకీ ఆమె గొంతుకీ తేడా తెలియదని ఆ పేరు పెట్టారు. ఆమె అరచెయ్యి చీపురు పట్టీ పట్టీ చెక్కలా గట్టిపడింది. ఆ చెయ్యి పట్టుకుంటే ధైర్యంగానే ఉంది, కానీ నొప్పిగా కూడా ఉంది, ఎక్కడ ధైర్యం ఆగి ఎక్కడ నొప్పి మొదలైందో తెలియడం లేదు. రోడ్డుకి అడ్డంగా ఆడవాళ్లు, వాళ్ల వెనక మగవాళ్లు, మగవాళ్ల వెనక గేటు, గేటుకి రెండు పక్కలా లాఠీలు పట్టుకున్న పోలీసులు. ఆడవాళ్లు ముందుంటే లాఠీ లేవదు అని మగవాళ్లే అన్నారు పొద్దున. లేస్తే ఏం చేద్దాం అని కూతమ్మ అడిగింది. మేం వెనకున్నాం కదా అన్నారు. ఉండండి నాయనా ఉండండి, మీరు ఎప్పుడూ వెనకేగా, మాకు అలవాటే, అంది. అందరూ నవ్వారు. చిలపలమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు పొద్దుటిదా నిన్నటిదా, ఇప్పుడు తలుచుకుంటే చాలా పాతదిలాగా ఉంది.

సమ్మె ఎందుకొచ్చిందంటే, అది మాత్రం ఆమెకి స్పష్టంగా తెలుసు, ఆ ఒక్కటే స్పష్టం. మనిషికొక చట్రం ఉన్నచోట రెండు చట్రాలిచ్చి, మిగిలిన సగంమంది ఆడవాళ్లని ఇళ్లకి పొమ్మన్నారు. రెండు చట్రాలకి రెండు చేతులు చాలవు, ఒకదాని దగ్గర నూలు తెగితే అతికేలోపు రెండోదాని దగ్గర పది తెగుతాయి. మాకు నాలుగు చేతులిచ్చి పుట్టించలేదు అని మొదట అన్నది ఎవరో గానీ, ఆ మాట గది గదికీ పాకి మర్నాటికి మరలన్నీ ఆగిపోయాయి. అక్కడిదాకా బాగుంది. తర్వాత మిల్లు షావుకారు పరాయి ఊళ్ల నుంచి మనుషుల్ని తెచ్చి లోపలే పెట్టి, తిండి పెట్టి, సగం మరలు తిప్పిస్తున్నాడు. గోడవతల నుంచి వినపడుతూనే ఉంది. కానీ రెండు రోజులుగా గింజ తీసి పత్తి ఏకే మర మోత పలచబడింది. ఆ మోత తెలిసినవాళ్లకి తెలుస్తుంది, పిండి అయిపోవచ్చిన తిరగలి మోతలాగా ఉత్తుత్తినే గరగరమంటుంది. గోదాములో పత్తి అడుగంటింది. కొత్త పత్తి లోపలికి పోకపోతే మిల్లు దానంతట అదే నోరు మూస్తుంది, షావుకారు మాట్లాడక తప్పదు. పోయిందా, సమ్మె పోయినట్టే, సగంమంది ఆడవాళ్ల కూడు పోయినట్టే. ఇదీ సంగతి. అందుకే ఈ కూర్చోవడం. అందుకే పొద్దున అందరి ముందూ, ఎవరూ అడగకపోయినా, చిలపలమ్మ నోరు జారి అనేసింది. పత్తి బండి లోపలికి పోవాలంటే నా మీదుగానే పోవాలి, అని. ఆమె మగడు, కండెల విభాగంలో పని, సమ్మె సంఘంలో మనిషి, ఆ మాట విని మురిసిపోయాడు. పెళ్లయ్యాక అతను అంతగా మురిసింది రెండోసారి. మొదటిసారి ఎందుకో గుర్తు రావడం లేదు.

నా మీదుగానే. ఆ మాట తనదా? తనది కాదు. అమ్మది. అమ్మ అన్నది ఎప్పుడు, చేనుగట్టు మీద, ఊరి పొలాలన్నీ ఏలే దొర మనుషులు బండ్లు తోలుకొచ్చినప్పుడు. కౌలుకి చేసేవాళ్ల పత్తి మొత్తం దొర గిడ్డంగికే పోవాలి, దొర చేత్తోనే అమ్ముడవాలి, అది ఎప్పటి నుంచో ఉన్న కట్టు. సగం పంట కౌలుకిందా, మిగిలిన సగం ఏవేవో పేర్ల కిందా పోగా, చివరికి ఇంటికి వచ్చేవి ఖాళీ బుట్టలు. ఒక ఏడు ఊరంతా కలిసి, ఈసారి మా పత్తి మేమే అమ్ముకుంటాం అన్నారు. దొర బండ్లు పంపించాడు. అమ్మ దారికి అడ్డంగా పడుకుంది. పడుకుని, పైట మొహం మీదికి లాక్కుని, నా మీదుగా పొండి, అంది. బండి ఆగుతుందని అమ్మ అనుకుంది, ఊరంతా అనుకుంది, తోలేవాడు కూడా ఆపుదామనే అనుకున్నాడేమో. ఎద్దులకి కొరడా దెబ్బ ఎవడు కొట్టాడో, చక్రం అమ్మ పాదం మీదుగా పోయింది. అప్పటి నుంచి అమ్మ ఒక కాలు ఈడ్చి నడుస్తుంది. బాధేస్తుందా అని అడిగితే, చెప్పు ఒకటే అరుగుతుంది, రెండోది కొత్తగా ఉంటుంది, ఆదా, అంటుంది. అమ్మ అంతే. అమ్మ పడుకున్నది దొరకి అడ్డంగా. తను కూర్చున్నది షావుకారుకి అడ్డంగా. ఈ రెండూ ఒకటేనా? ఒకటే అంటాడు మగడు. కాదంటాడు మొన్న వచ్చిన తెల్లబట్టల పెద్దమనిషి. కారు దిగి, రాతిమెట్టు మీద నిలబడి, ముందు తెల్లవాడు పోవాలమ్మా, అది పెద్ద పోరు, ఇది మన ఇంటి గొడవ, ఇంట్లో గొడవ తర్వాత తీర్చుకుందాం, షావుకారు మనవాడే, ఆయన ఇచ్చిన డబ్బుతోనే జైలుకి పోయినవాళ్ల పిల్లలు బతుకుతున్నారు, అన్నాడు. నిజమే, షావుకారు ముతక బట్టే కడతాడు. ఆయన కారు ముందు స్వరాజ్యం జెండా ఎగురుతుంది. ఆ జెండా చూసి ఆమె ఒకసారి దణ్ణం కూడా పెట్టింది. ఇప్పుడు ఆ దణ్ణం వెనక్కి తీసుకోవాలా? దణ్ణం జెండాకా, కారుకా?

తెల్లవాడిని ఆమె చూసింది ఒక్కసారే. మిల్లులో పెద్ద మర చెడిపోతే బాగుచెయ్యడానికి వచ్చాడు. మెడ ఎర్రగా కాలిన టమాటాలాగా ఉంది. చేతుల నిండా నూనె, మోకాళ్ల మీద కూర్చుని మర లోపలికి తల దూర్చి తనలో తాను గొణుక్కుంటూ పనిచేశాడు, అచ్చం నాన్న బండి చక్రానికి కందెన పెడుతూ గొణుక్కున్నట్టే. ఆమెకి కోపం రాలేదు. రావాలేమో అనుకుని తెచ్చుకుందామని చూసింది, రాలేదు. తర్వాత సిగ్గేసింది. కూతమ్మతో చెబితే, నీ కోపమేం మిల్లు కూతటే, వేళకి రావడానికి, అంది. చిక్కుపడిన చిలపకి కొస దొరికితే చాలు, ఎంత చిక్కైనా విప్పేస్తుంది, ఆ పనిలో ఆమెకి సాటి లేరు. ఇక్కడ కొస ఎక్కడుంది? తెల్లవాడిని లాగితే షావుకారు వస్తున్నాడు, షావుకారుని లాగితే జెండా వస్తోంది, జెండాని లాగితే అదే జెండా పట్టుకుని మగడు జైలుకి పోయొచ్చిన చలికాలం వస్తోంది.

అప్పుడు దుమ్ము లేచింది. దూరంగా, కల్వర్టు అవతల, రోడ్డు వంపు దగ్గర. బండ్లు, బండ్లు అని ఎవరో అన్నారు. కూతమ్మ వేళ్లు బిగుసుకున్నాయి. వెనక మగవాళ్లలో కలకలం. దొర బండ్లే, ఏటా ఈ దారిన పత్తి తెచ్చేది దొర బండ్లే కదా, అని ఒకడు. అదిగో ముందు బండి మీద జెండా చూడండి, షావుకారు కారు మీదున్న జెండాయే, ఇద్దరూ కలిసిపోయారు, అని ఇంకొకడు. రాళ్లు ఏరుతున్న చప్పుడు. రాయీ రాయీ తగిలితే వచ్చే చప్పుడు, చిన్నది, చేతుల్లో సర్దుకుంటున్న చప్పుడు. సరిగ్గా అప్పుడే మిల్లు గేటు కిర్రుమని తెరుచుకుంది. లోపలి నుంచి షావుకారు గుమాస్తా నవ్వు మొహంతో బయటికొచ్చి, పోలీసుల పక్కన నిలబడి, రండి రండి అన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. ఆ నవ్వు ఎవరికి? ఆమె తల తిప్పి చూసి మళ్లీ ముందుకి చూసింది. దుమ్ములోంచి మొదట ఎద్దులు వచ్చాయి. తెల్లవి. కుడివైపు దానికి ఒక కొమ్ము సగమే ఉంది.

సగం కొమ్ము. సగం కొమ్ము ఎద్దులు లోకంలో ఎన్ని లేవు? దొర వాకిట్లో రాతి గుంజకి గుద్దుకుని విరిగిన కొమ్ము, విరిగిన చోట వేపనూనె పూసింది తనే, పూస్తుంటే మొహమంతా నాకింది. నాలుక గరుకు. పత్తికాయ పగిలినప్పుడు తొక్క గరుకులాగా. పత్తి బండి నిండేటప్పుడు పిల్లల్ని ఎక్కించేవాళ్లు తొక్కడానికి. తొక్కితేగాని బండిలో పట్టదు, ఎత్తు కట్టిన కంచె లోపల పత్తి పోస్తూ ఉంటారు, పిల్లలు తొక్కుతూ ఉంటారు, తొక్కిన కొద్దీ పిల్లలు పైకి లేస్తూ ఉంటారు. మొదట బండి అడుగున ఉంటావు, చుట్టూ వెదురు తడికలు, ఆకాశం చదరంగా ఇంత ముక్క. తొక్కుతూ తొక్కుతూ ఉంటే నెత్తి తడికల పైకి వస్తుంది, తర్వాత భుజాలు, తర్వాత ఊరు కనిపిస్తుంది, ఊరవతల చెరుకు తోటలు కనిపిస్తాయి, లోకమంతా తన కాళ్ల కిందికి వచ్చినట్టు ఉంటుంది. కాళ్ల కింద వెచ్చగా, మెత్తగా, లోపలెక్కడో గింజ గట్టిగా. అంత ఎత్తున నిలబడి తను చూసిన బండి చివరికి ఎక్కడికి పోయేది? దొర గిడ్డంగికి. తొక్కింది తను, పోయింది అక్కడికి. కిందికి దిగాక కాళ్లు నేల మీద ఆనేవి కాదు, నేల మరీ గట్టిగా ఉందనిపించేది.

అది నాన్నే. బండి తొట్టి మీద నిలబడ్డాడు. ఇంత జనాన్ని చూసి, ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉండడం చూసి, వెనక మగవాళ్లు, ఆ వెనక తెరిచిన గేటు, చెయ్యి ఊపుతున్న గుమాస్తా, అన్నీ చూసి, నాన్న మొహం విచ్చుకుంది. అంత దూరం నుంచి మొహం కనిపించదు, కానీ ఆమెకి కనిపించింది. తలగుడ్డ విప్పి గాలిలో ఊపాడు. తమకోసం వచ్చారనుకున్నాడు. గెలిచి వస్తున్నారు కదా! దొర గిడ్డంగికి పోకుండా, మొదటిసారి తమ పత్తి తామే బండ్లకెత్తి, ముందు బండికి జెండా కట్టి, తెల్లవారకముందే బయలుదేరి, దొర మనుషుల కళ్లుగప్పి ఏటి దారిన వచ్చారు కదా! పట్నంలో పనివాళ్లకి ఈ సంగతి తెలిసి ఎదురొచ్చారు, ఊరంతా వచ్చి రోడ్డు మీద కూర్చుంది అనుకున్నాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి కూడా అదే చెప్పి నవ్వేవాడు. ఇంకా నయం, పూలదండలు ఏవీ అని అడిగాను కాదు, అనేవాడు. ఇంతకీ పత్తి మిల్లుకే తెమ్మని చెప్పింది ఎవరు? తనే. కిందటిసారి పుట్టింటికి పోయినప్పుడు, పొయ్యి దగ్గర కూర్చుని, మిల్లు గేటు దొర గడపలాంటిది కాదు నాన్నా, పత్తి తెచ్చినవాడు ఎవడైనా సరే తలుపు తీస్తారు, నువ్వే తిన్నగా తీసుకురా, అని చెప్పింది. నాన్న ఆ మాట పట్టుకుని వస్తున్నాడు. గేటు నిజంగానే తెరిచే ఉంది. మధ్యలో ఉన్నది తనొక్కతే.

లేచి పరిగెత్తాలి. లేస్తే వరస తెగుతుంది, వరస తెగితే పోలీసులు ఆ సందులోంచి అందరినీ చెదరగొడతారు, పొద్దుటి నుంచీ వాళ్లు కాచుకున్నది దానికే. మా నాన్న అని అరవాలి. అరిస్తే వెనక మగవాళ్లు ఏమంటారు, అయినవాళ్ల బండి వచ్చేసరికి మెత్తబడింది, పొద్దున ఏమంది ఇప్పుడు ఏమంటోంది, అంటారు. అనరా? అంటారు. తనైనా అంటుంది. ఊరుకుంటే రాయి పడుతుంది. మొదటి రాయి పడనే పడింది. బండి దాకా పోలేదు, రోడ్డు మీద దొర్లి ఆగింది. ఎద్దులు చెవులు నిక్కించాయి. నాన్న చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది, తలగుడ్డ ఊగడం ఆగి వేలాడింది. ఎవరి చేతిలోంచి వచ్చింది ఆ రాయి? ఆమె మెడ తిప్పింది. తన మగడు నిలబడ్డాడు, చేతిలో ఇంకో రాయి ఉంది, కళ్లు దుమ్ములోకి చికిలించి చూస్తున్నాడు. పెళ్లిలో ఒక్కసారి చూసిన మామని అంత దూరంలో ఏం పోల్చుకుంటాడు? ఆమె నోరు తెరిచింది. ఏం వస్తుందో తనకే తెలియదు. వచ్చింది చాలా చిన్న గొంతు.

"ఆ ఎద్దుకి నేనే వేపనూనె పూశాను."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఏంటే అంది కూతమ్మ. మా నాన్న, అంది అప్పుడు. ఇక కూతమ్మ గొంతు లేచింది, ఆ పేరు ఊరికే పెట్టలేదు కదా. రాళ్లు కింద పడెయ్యండిరా, వచ్చేది దొర కాదు, మన చిలపలమ్మ నాన్న, పిల్లనిచ్చిన మామ మీద రాయి వేసే అల్లుడెవడో ముందుకి రమ్మనండి, మొహం చూద్దాం, అని. మగడి చేతిలోంచి రాయి జారి అతని కాలి మీదే పడింది. నొప్పి పుట్టినా ఒంటి కాలి మీద గంతులు వెయ్యలేక నిలబడ్డాడు. ఆ మొహం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుందని చెప్పేది. ఆ క్షణంలో నవ్వు రాలేదు. బండ్లు ఆగిపోయాయి. మొదటి బండి వెనక ఇంకా చాలా ఉన్నాయి, ఒక్కొక్కటే వచ్చి ఆగుతున్నాయి, ఎద్దుల మెడగంటలు ఒక్కొక్కటే మూగబోతున్నాయి.

నాన్న దిగి నడిచొచ్చాడు. వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు, చేలో కలుపు తీసేటప్పుడు కూర్చున్నట్టు. దగ్గరగా చూస్తే ముసలివాడయ్యాడు. గడ్డంలో పత్తిపోగులు. పత్తా, నెరిసిన వెంట్రుకలా? రెండూ. ఏంటి తల్లీ, ఎండలో ఇలా కూర్చున్నావు, అన్నాడు. సమ్మె అని చెప్పింది, రెండు చట్రాల సంగతి చెప్పింది, పరాయి మనుషుల సంగతి, ఏకే మర మోత పలచబడిన సంగతి, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగిస్తోందో తెలియకుండా చెప్పింది. నాన్న అడ్డు రాకుండా విన్నాడు. షావుకారు మన జెండావాడే కదా, అన్నాడు చివరికి. అదే నాన్నా, నాకూ తెలియడం లేదు, అంది. మా బండికీ అదే జెండా కట్టామే, అన్నాడు. చూశాను, అంది. ఇద్దరూ కాసేపు ఆ జెండా వంక చూశారు. గాలి లేదు, అది వెదురుకి అతుక్కుని ఊరికే ఉంది. పడమట మబ్బు లేస్తోంది, నల్లగా, నిండుగా. పత్తికి పడని మబ్బు. గుమాస్తా గేటు దగ్గర నుంచి కేక వేశాడు, పెద్దాయనా, వాన వచ్చేలా ఉంది, లోపలికి తోలుకురా, మంచి ధర ఇస్తాం, అని. ఆ గొంతులో ఎంత ఆప్యాయత ఉందో! అది విని నాన్న ఒకసారి గేటు వంక చూశాడు, ఒకసారి మబ్బు వంక చూశాడు. వచ్చిన దారి వంక చూశాడు, అటు తిరిగిపోతే దొర మనుషులు ఏటి దగ్గర కాపు కాసి ఉంటారు. ఆమె కూడా ఆయన కళ్లతోపాటు అన్నీ చూసింది.

"నాన్నా, లోపలికి పోవద్దు."

"పోనులే తల్లీ. మీ అమ్మ పడుకున్న చోట బండి ఆపలేదని ఒకడిని ఇన్నాళ్లూ తిట్టాను, ఇప్పుడు నేను తోలతానా? పోను. మరి ఎక్కడికి పోను?"

కోపంగా అనలేదు, అదే ప్రాణం తీసింది. ఊరికే అడిగాడు, తెలిసినదాన్ని దారి అడిగినట్టు. మరి ఎక్కడికి పోను. ఆమె మగడి వంక చూసింది. అతను ముందుకొచ్చి మామ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సంఘం పెద్దలు గుసగుసలాడుతున్నారు, తెల్లబట్టల పెద్దమనిషి ఉంటే బాగుండును, ముందు ఇది తర్వాత అది అని వరసైనా చెప్పేవాడు. ముందు వాన. తర్వాత? తడిసిన పత్తి పసుపెక్కుతుంది, పసుపెక్కినదాన్ని ఎవడూ కొనడు, ఏడాది ఊరి కష్టం చేనుకి ఎరువైనా కాదు. లోపల మరల మోత గరగరమంటూనే ఉంది, ఆకలిగా. అమ్మ పాదం మీదుగా చక్రం. నా మీదుగానే. నా మీదుగానే పోతే ఎటు పోవాలి, నా వెనక ఏముంది, గేటు ఒక్కటేనా నా వెనక ఉన్నది? తల ఇటు నుంచి అటు తిరుగుతోంది గాని కొస దొరకడం లేదు. మొదటి చినుకు చేతి మీద పడింది, కూతమ్మ చేతికీ తన చేతికీ మధ్య, వెచ్చగా.

అప్పుడు బండి మీది పత్తి కదిలింది. పత్తిలోంచి ఒక తల లేచింది. అమ్మ! దారంతా తొక్కీ తొక్కీ అలిసి, పత్తిలో కూరుకుని నిద్రపోయినట్టుంది, జుట్టు నిండా తెల్లగా, దూదిబొమ్మలాగా. బండి ఎందుకాగింది అనుకుంటూ లేచి, ఇంత జనాన్నీ, రోడ్డు మీద కూతురినీ, ఎదురుగా మొగుడినీ చూసింది. ఏం జరిగిందో అడగలేదు. అడిగే అలవాటు ఆమెకి లేదు. అంత ఎత్తు నుంచి అందరికీ వినబడేలా అంది.

"పెళ్లయ్యాక మొదటిసారి కూతురి ఊరొస్తే, నడిరోడ్డు మీద నిలబెట్టి మాట్లాడతారటే? మీ ఇల్లెక్కడ?"

ఇదే చూడండి. ఇంత పెద్ద చిక్కులో ఎవరికీ తోచని మాట. సమ్మె లేదు, స్వరాజ్యం లేదు, షావుకారు లేడు. ఇల్లెక్కడ. ఆడపిల్లని ఎప్పుడు అడిగినా జవాబు చెప్పగలిగిన ప్రశ్న. ఆమె నోరు దానంతట అదే జవాబు చెప్పింది, చెయ్యి కూతమ్మ చేతిలోంచి విడిపించుకుని రోడ్డు అవతలికి చూపించింది. గేటుకి ఎదురుగా పనివాళ్ల గదుల వరసలు, ఒకే గోడ, ఒకే కప్పు, పక్కపక్కనే తలుపులు. అదిగో అమ్మా, మూడో వరస, నీలం తలుపు. రండి, ఇంటికే రండి. అని, ఇంకా ఆలోచించకుండానే అంది, పత్తి కూడా. పత్తి కూడా ఇంట్లోనే పొయ్యండి.

గుమాస్తా చెయ్యి ఊపడం ఆపాడు. ఇన్ని బండ్ల పత్తి నీ ఒక్క గదిలో పడుతుందటే, అంది కూతమ్మ. తొక్కితే పడుతుంది, అంది చిలపలమ్మ. పట్టకపోతే? కూతమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మూలుగుతూ లేచింది. పట్టకపోతే నా గది ఉంది, నాకేముంది అందులో, చీపురు తప్ప, అంది. ఇక పక్కనున్నది, దాని పక్కనున్నది, నా గది, మా గది అని. మగవాళ్లు వెనకే ఉండిపోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి, బండి చక్రాలకి భుజాలు ఆనించి గేటు ముందే బండ్లు మళ్లించారు. మొదట భుజం ఆనించింది ఎవరో చెప్పక్కర్లేదు, కాలు కుంటుతూనే. మావా జరుగు, అన్నాడు నాన్నతో. అంతే అన్నాడు. పోలీసులకి ఏం చెయ్యాలో తెలియలేదు. పత్తి ఇంటికి తీసుకుపోవడం నేరమో కాదో వాళ్లకి ఎవరూ చెప్పలేదు. సగంమంది ఆడవాళ్లు రోడ్డు మీదే కూర్చుని ఉన్నారు, సగంమంది బుట్టలు అందుకున్నారు. వాన జోరందుకునేలోపు బండి వెంట బండి ఖాళీ అయింది.

నీలం తలుపు గదిలో పత్తి పోస్తున్నారు, చిలపలమ్మ తొక్కుతోంది. చిన్నప్పటి కాళ్లు తిరిగొచ్చాయి. మొదట గది అడుగున ఉంది, పొయ్యి మునిగింది, నీళ్లకుండ బయటికి పోయింది, గూట్లో దీపం మునిగింది, తొక్కుతూ తొక్కుతూ పైకి లేచింది, తల దూలానికి తగిలింది. కిటికీలోంచి చూస్తే మిల్లు గేటు కనిపిస్తోంది, తన కాళ్ల కంటే కిందుగా. కాళ్ల కింద మెత్తగా, వెచ్చగా, లోపలెక్కడో గింజ గట్టిగా. ఈసారి బండి దొర గిడ్డంగికి పోలేదు. ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, తన ఇంట్లోనే ఉంది. ఇది గెలుపా? గెలుపైతే ఎవరి మీద? ఆమెకి తెలియదు. గుమ్మంలో అత్త కూర్చుని ఉంది, వియ్యాలవారొచ్చి ఇంటినిండా పత్తి పోసి ఇంటిదాన్ని గుమ్మంలో కూర్చోబెట్టారు, ఎక్కడైనా ఉందా ఈ చోద్యం, అని గొణుగుతోంది. పక్కన అమ్మ చతికిలబడి, ఈడ్చే కాలు చాపుకుని, ఊరుకోండి వదినగారూ, వట్టి చేతులతో రాలేదు కదా మేము, అంటోంది.

మిల్లు మర్నాడు పొద్దెక్కేసరికి నోరు మూసింది. ఆ మౌనం చాలామందికి నిద్ర పట్టనివ్వలేదు. అలవాటు మరి. పత్తి నిండిన గదుల్లో పొయ్యి వెలిగించే వీల్లేదు కదా, వరసలన్నిటికీ కలిపి వీధి చివర ఒకటే పొయ్యి పెట్టారు. ఊరి నుంచి వచ్చినవాళ్లూ మిల్లువాళ్లూ బండ్ల కిందా చూరు కిందా పడుకున్నారు. మీ దొర గొప్పా మా షావుకారు గొప్పా అని మగవాళ్లు పోటీ పడి తిట్లు లంకించుకున్నారు, ఎవరు గెలిచారో చివరిదాకా తేలలేదు. షావుకారు మాటలకి పిలిచాడు. ఆడవాళ్లని మళ్లీ పనిలోకి తీసుకున్నారు. ఆ తర్వాతే పత్తి గేటులోకి పోయింది, ఊరివాళ్ల పేరు మీద, పనివాళ్లే బండ్లు తోస్తుండగా. ఆమె మగడిని మాత్రం మళ్లీ ఆ గేటులోకి రానివ్వలేదు. అది సగం గెలుపో సగం ఓటమో నాకు తెలియదు, కొన్నాళ్లకి స్వరాజ్యమూ వచ్చింది, మిల్లు మీద జెండా ఎగిరింది. కూత మాత్రం పాత గొంతుతోనే కూసింది. అప్పుడు చిలపలమ్మ జెండాకి దణ్ణం పెట్టిందా అని నేను అడిగాను. పెట్టాను, చెయ్యి సగం లేచాక ఆ గంట గుర్తొచ్చింది, సగంలో ఆగింది, ఇప్పటికీ అక్కడే ఉన్నట్టుంటుంది, అంది.

ఆ గది దూలాల సందుల్లో ఇరుక్కున్న పత్తి ఎంత దులిపినా పోలేదట. వడగాలి వీచినప్పుడల్లా ఒక పోగు రాలి అన్నంలో పడేది. ఆమె తీసి పారేసేది కాదు, చెవి వెనక పెట్టుకునేది.

అయిపోయింది, లేవండి. లేచేముందు ఒక్క మాట. రేపు మీ ఇళ్లలో ఎవరికైనా ఇది చెబుతారు కదా, చెప్పండి. వరస తప్పినా పరవాలేదు, ఎద్దుతో మొదలుపెట్టినా, వానతో మొదలుపెట్టినా మీ ఇష్టం. కానీ నడిరోడ్డు మీద ఆ ముసలాయన మరి ఎక్కడికి పోను అని అడిగిన మాట దగ్గర మాత్రం కాసేపు ఆగండి. విన్నవాళ్లని వెతుక్కోనివ్వండి. ఆ తర్వాత నీలం తలుపు చూపించండి.